ఎండకు పెట్టిన పిప్పి

స్నానాల గది తలుపుకు లోపలి గడియ వేసుకొని లీదియమ్మ చెరకు పిప్పిని కడుగుతోంది. పొయ్యి రాజేయడానికి పెరట్లో పోసి ఉంచిన పిప్పిలోంచి గట్టి పీచంతా ఏరి పారేసి, మెత్తని పొట్టును మాత్రం పాత తలగడ గలీబులో నింపి, విడిచిన బట్టల మూట అడుగున దాచి దొంగతనంగా తెచ్చుకుంది. రెండుసార్లు బక్కెట్లో పిసికి పిండింది. రెండోసారి నీళ్లు కూడా పలుచని చాయరంగుకు తిరిగాయి. చిటికెడు పొట్టు తీసి నాలిక కొసన పెట్టుకొని చూసింది. తీపి ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు. మూడోసారి కడగాలనుకొని చెంబు ముంచేసరికి తలుపు దడదడలాడింది.

"లోపట్నే పండుకున్నవా ఏంది? షిఫ్టుకు యాళ్లయితున్నది నాకు," అన్నాడు ప్రభుదాస్.

"వస్తున్న, అయిపాయె," అంది లీదియమ్మ. పిండిన గలీబును మళ్లీ తడిబట్టల కిందికి తోసి, బక్కెట్లోని నీళ్లను పారబోసి, ఏ తప్పూ చేయని మనిషి ముఖం ఎలా ఉంటుందో గుర్తు చేసుకొని, ఆ ముఖంతో బయటికి వచ్చింది.

అది అరవై ఆరో సంవత్సరం, డిసెంబరు నెల. శక్కర్‌నగర్ క్వార్టర్ల మీద పగలూ రాత్రీ చెరకు రసం కాగే వాసన మూతలాగా కప్పుకొని ఉండే కాలం. ప్రభుదాస్ ఫ్యాక్టరీలో చెరకు బండ్ల కాంటా దగ్గర గుమాస్తా. లీదియమ్మ బోధన్‌లోని ఒక ప్రైమరీ బడిలో పంతులమ్మ. వాళ్లకు ఏడేళ్ల కూతురు కృపావతి, అయిదేళ్ల కొడుకు శాంతరాజు. ఇంట్లో ప్రభుదాస్ తల్లి భీమవ్వ కూడా ఉంటుంది. బాప్తిస్మంలో ఆమెకు వేరే పేరేదో పెట్టారు గాని, దాన్ని ఆమె కొడుకే మరిచిపోయాడు.

కడిగిన పిప్పిని ఎండకు పెట్టాలి. అది ఎవరికైనా తెలిసిన సంగతే. కాని ఎండ పడేది ఇంటి ముందర, పిల్లలు ఆడుకునేదీ అక్కడే. అందుకని లీదియమ్మ దాన్ని తన మంచం కింద పాత పత్రికల మీద పరిచి, ముందు ట్రంకుపెట్టె అడ్డం పెట్టింది. నాలుగు రోజులు అది చీకట్లో ఆరింది. ఆరిందని ఆమె అనుకుంది.

ఆ పిప్పి క్రిస్మస్‌కు కూతురి కోసం చాటుగా కుడుతున్న బొమ్మలో నింపడానికి. ప్రతి ఏడూ పాత పరుపు దూది కొంత మిగిలేది. ఈసారి దూదేకుల మనిషి వచ్చినప్పుడు భీమవ్వ ఆ దూదినంతా తన పరుపులో కలిపి ఏకించుకుంది. "ముసల్దాన్ని, చలికి నడుము వట్టుకపోతున్నది బిడ్డా. నీకెందుకు దూది?" అని అడిగింది. ఎందుకో ఆమెకు తెలుసు. లీదియమ్మ చెప్పదనీ తెలుసు.

చెప్పకపోవడమే ఆ ఇంటి ఆచారం. దానికి మొదలు ఒక ఎర్ర రిబ్బను. కృపావతి ఇంకా పాకుతున్న ఏడు క్రిస్మస్‌కు ప్రభుదాస్ నిజామాబాద్ నుంచి, ఎవరూ చెప్పకుండానే, గజం ఎర్ర రిబ్బను తెచ్చాడు. భీమవ్వ సంబరపడిపోయి, ఆరాధన నుంచి రాగానే కొడుకును కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన చేత్తో ఆ రిబ్బనును పిల్ల చేతికి ఇప్పించింది. బాపు ఇచ్చిన మొదటి కానుకని పిల్ల దాన్ని ఇప్పటికీ దాచుకుంది. మరుసటి ఏడు ఆయన మరిచిపోయాడు. కుర్చీ వేశారు, ఆయన కూర్చున్నాడు, ఒడి ఖాళీగా ఉంది. చుట్టాలు చూస్తున్నారు. ఆ ముఖం చూడలేక లీదియమ్మ, తాను కుట్టి పెట్టెలో ఉంచిన చిన్న గౌనును గాలిపటాల కాగితంలో చుట్టి, వెనకనుంచి వచ్చి ఆయన ఒడిలో పెట్టి వెళ్లింది. ఆ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తానే చేసింది. తరవాతి సంవత్సరాల్లో తన మీద తనకు కోపం వచ్చినప్పుడల్లా ఆ అడుగుల దగ్గరే ఆమె ఆగిపోయేది. ఎవరైనా బలవంతపెట్టి ఉంటే వాళ్లను తిట్టుకోవచ్చు. ఇష్టపడి చేసిన దానికి ఎవరిని తిట్టుకోవాలి?

ఆ తరవాత అది పాఠంలాగా ఖాయమైంది. పండుగనాడు పొద్దున పిల్లలు చాప మీద నిలబడతారు. బాపు కుర్చీలో కూర్చుంటాడు. కానుక చేతికిచ్చి అడుగుతాడు.

"ఎవలిచ్చిండ్రు?"

"బాపు ఇచ్చిండు!"

"బాపుకెవలిచ్చిండ్రు?"

"దేవుడిచ్చిండు!"

దేవునికీ ప్రభుదాసుకూ నడుమ ఆ వరుసలో ఇంకెవరూ లేరు. పోయినేడు కృపావతికి కుచ్చుల గౌను, శాంతరాజుకు అగ్గిపెట్టెలూ ఖాళీ దారపు రీళ్లూ కలిపి చేసిన రైలుబండి. చక్రాలు సమంగా తిరగడానికి లీదియమ్మ బడిలో మధ్యాహ్నం బెల్లు సమయమంతా నెలరోజులు తినీ తినకా కూర్చుంది. బండి నడుస్తుంటే పిల్లవాడు "మా బాపు! మా బాపు!" అని అరుస్తూ దాని వెంట మోకాళ్ల మీద ఇల్లంతా తిరిగాడు. వంటింట్లో గరిజెలు వేయిస్తున్న లీదియమ్మ నూనె పొగకు కళ్లు మండుతున్నాయని కొంగుతో తుడుచుకుంది.

ఈ ఏడు నవంబరులో ప్రభుదాస్ ఆఫీసు పని మీద హైదరాబాద్ వెళ్లాడు. కృపావతి బొమ్మ కావాలంది. తలకు జుట్టు, కాళ్లకు బూట్లు ఉన్న బొమ్మ. ఆయన సరేనన్నాడు. తిరిగి వచ్చినప్పుడు మెడలో కొత్త ఉన్ని మఫ్లర్ ఉంది, సంచిలో బొమ్మ లేదు.

"యాదికి లేకపాయె," అన్నాడు తేలికగా. "నీ చేతుల పని ఉన్నది గద, ఏదన్న కుట్టు. పిల్లలకేం తెలుస్తది?"

ఆమె కుట్టింది. ముఖానికి తెల్లని పాప్లిన్, జుట్టుకు నల్ల ఉన్ని, గౌనుకు తన పాత లంగా అంచులోని లేసు. బూట్లు మాత్రం ప్రభుదాస్ తెగిన చేతిగడియారం పట్టీ తోలుతో చేసింది. అంతటి పనితనం తనలో ఉందని బొమ్మ పూర్తయ్యేదాకా ఆమెకే తెలియదు.

పండుగకు రెండు రోజుల ముందు బడినుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగా అరుగు మీద పిల్లల మాటలు వినిపించాయి. కృపావతి నాయన మఫ్లర్ మెడకు చుట్టుకొని బోర్లించిన బుట్ట మీద కూర్చుంది. తమ్ముడికి ఒక మొక్కజొన్న బెండు ఇచ్చి, గొంతు లావు చేసి, "ఎవలిచ్చిండ్రు?" అని అడుగుతోంది.

"బాపు ఇచ్చిండు!" అని పిల్లవాడు బెండు పుచ్చుకొని, "మరి అమ్మ ఎవలు అక్కా? మనిద్దరమే ఉన్నం," అన్నాడు.

"అమ్మ అక్కర్లేదు. అమ్మ వంటింట్ల ఉంటది," అంది కృపావతి. తరవాత, లెక్క తప్పకూడదన్నట్టు, "అమ్మ ఏం ఇయ్యదు గద," అంది.

లీదియమ్మ విడిచిన చెప్పును మళ్లీ తొడుక్కుంది. ఎక్కడికీ వెళ్లడానికి కాదు. కాళ్లకు ఏదో ఒక పని కావలసివచ్చింది. ఆ పిల్ల మాటలో కోపం లేదు, ఫిర్యాదు లేదు. వాన వస్తే నేల తడుస్తుందన్నట్టు చెప్పింది. ఆమెను సిగ్గుతో కాల్చింది ఆ మాట కాదు, ఆ మాట విని తనలో లేచిన ఆశ. ముప్ఫై రెండేళ్ల ఆడది, నలుగురికీ పాఠం చెప్పే మనిషి, ఏడేళ్ల పిల్ల నోటి మెప్పు కోసం ఇంతగా ఆకలి పడుతుందా? ఇచ్చినదాన్ని చాటుకోవద్దని ఆదివారం బడిలో పిల్లలకు తానే నేర్పుతుంది. మొన్న బడి నాటకానికి పన్నెండు మంది దేవదూతల రెక్కలు కుడితే, హెడ్‌మాస్టరు వేదికనెక్కి బెంచీలు మోసినవాళ్లను కూడా పేరుపేరునా మెచ్చుకొని దిగిపోయాడు. అప్పుడు కూడా ఆమె ఇలాగే తల వంచుకుంది, మరిచిపోయింది ఆయనైతే తప్పు తనదైనట్టు. చాటుకోవద్దనే మాట అందరికీ ఒకటే అయితే, ఆ కుర్చీ ఎందుకు? ఆ ప్రశ్న ఎందుకు?

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ, కూర వైపు చూస్తూ, అడగలేక అడగలేక భర్తను అడిగింది.

"ఈసారి బొమ్మ ఒక్కటి, నేను కుట్టిన్నని బిడ్డకు చెప్దామా?"

ప్రభుదాస్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. పిల్లలు అడిగే విచిత్రపు కోరికలకు నవ్వేది. "ఎందుకు? బిడ్డ నీది గాదా? ఎవలు కుట్టితె ఏంది, ఎవలిస్తె ఏంది!"

"ఎవలిస్తె ఏందంటె... నేనే ఇస్త మరి."

గోడవారన కూర్చున్న భీమవ్వ ముద్ద ఆపింది. "మొగోని చేతి నుంచి రావాలె లీదియా. గదే ఇంటికి ఇజ్జత్. మా కాలంల పిల్లలకు ఇయ్యనీకి ఏం లేకుండె. మా పెనిమిటి చేతిల ఒక్కనాడన్న ఏమన్న సూసిన్నా నేను? నా కొడుకు చేతిల సూస్తున్న. నా కండ్లకు గది దక్కనియ్యి."

ఆమె గొంతు నిజంగానే వణికింది. అది నటన అయి ఉంటే లీదియమ్మకు ఎంతో తేలికయ్యేది.

"అయినా గిప్పుడు గాదు," అన్నాడు ప్రభుదాస్. "హన్మండ్లు సారును పండుగకు రమ్మన్న. బిడ్డకు అబిడ్స్‌ల బొమ్మ తీసుకొన్నని ఆయనకు చెప్పిన గూడ."

హన్మండ్లు కాంటాకు పెద్ద అధికారి. ఇక మాట్లాడడానికి ఏమీ లేదు. లీదియమ్మ కూరగిన్నె తీసుకొని వంటింట్లోకి వెళ్లింది. అక్కడ ఒంటరిగా నిలబడి, అడిగినందుకు సిగ్గుపడింది. అడగడం చేతకానట్టు అడిగినందుకు ఇంకా ఎక్కువ సిగ్గుపడింది.

పండుగనాడు పొద్దున అంతా ఎప్పటిలాగే జరిగింది. కాగితపు కట్ట విప్పి బొమ్మను చూసిన కృపావతి మొదట దాని బూట్లను వేలితో తాకింది. జుట్టును చెంపకు రాసుకుంది. "ఎవలిచ్చిండ్రు?" అంటే ఇల్లు మారుమోగేలా "బాపు ఇచ్చిండు!" అంది. వంటింటి గడపలో లీదియమ్మ చేతిలో గరిజెల జాలీగరిటె ఉంది. బొమ్మ తన కూతురి గుండెల మీద ఒదిగిన తీరు మాత్రం ఆమె ఎవరి అనుమతీ లేకుండా కడుపునిండా చూసుకుంది.

పిల్ల ఆ బొమ్మను క్షణం దించలేదు. చెమట చేతులతో పిసికింది, గరిజె తింటూ దానికీ తినిపించింది, పొయ్యి పక్కన వెచ్చగా పడుకోబెట్టింది. మధ్యాహ్నం హన్మండ్లు, ఆయన భార్య రేణుకమ్మ వచ్చారు. బగారన్నం, కోడికూర తిన్నారు. గుమ్మానికి వేలాడదీసిన కాగితపు నక్షత్రాన్ని మెచ్చుకున్నారు.

"బిడ్డా, బొమ్మ పట్టుకరా. సారుకు చూపియ్యి," అన్నాడు ప్రభుదాస్.

కృపావతి బొమ్మను మెడకు హత్తుకొని వచ్చి హన్మండ్లు ముందు నిలబడింది. నిలబడినదే ఒక్కసారి గట్టిగా అరిచి బొమ్మను విసిరికొట్టి మెడ గీరుకోవడం మొదలుపెట్టింది. రేణుకమ్మ చప్పున పిల్లను దగ్గరికి లాక్కుంది. మెడ చుట్టూ, చెవి వెనక, గౌను లోపల ఎర్ర చీమలు. నేల మీద పడ్డ బొమ్మ చంక కుట్టులోంచి వరుసగా ఇంకా వస్తున్నాయి. రేణుకమ్మ తలపిన్ను తీసి ఆ కుట్టు విప్పి దులిపింది. గచ్చు మీద పొట్టు రాలింది. అది తడి తడిగా, ముద్దలుగా ఉంది.

హన్మండ్లు వంగి చిటికెడు తీసుకొని వాసన చూశాడు. బతుకంతా చెరకు తూచిన మనిషి.

"ఏంది ప్రభుదాసూ," అన్నాడు, "అబిడ్స్‌ల గూడ గానుగ పెట్టిండ్రా?"

రేణుకమ్మ మూతి మీద కొంగు పెట్టుకొని నవ్వింది. ప్రభుదాస్ కూడా నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఆయన ముఖం ఖాళీ ఒడిలాగా ఉంది. లీదియమ్మకు ఆ ముఖం తెలుసు. కాళ్లు వాటంతట అవే ఒక అడుగు ముందుకు వేశాయి. అంతలో ఆయన వేలు ఆమె వైపు లేచింది.

"నేను తెచ్చింది గాదు సార్. మా ఇంట్లామె కుట్టింది. వద్దంటె వినలే."

ఏడేళ్లలో మొదటిసారి, నలుగురి ముందు, పిల్లలు వింటుండగా ఆ మాట వినబడింది. ఆ క్షణంలో లీదియమ్మకు కలిగింది సంతోషం. చీమలకూ నవ్వుకూ ముందు, అవమానం ఇంకా లోపలికి దిగకముందు, ఒక్క రెప్పపాటు, ఒళ్లంతా తేలికైన సంతోషం. కూతురు ఏడుస్తోంది, మెడ దద్దుర్లు తేలి ఎర్రబడింది, తల్లి సంతోషించింది! అది గుర్తించగానే ముఖమంతా నెత్తురు చిమ్మినట్టయింది.

కృపావతి ఏడుపు ఆపింది. తల్లి వైపు చూసింది. పిల్లకు లెక్కలు బాగా వచ్చు.

"బొమ్మ నువ్వా కుట్టింది?" అంది ఎక్కిళ్ల మధ్య. "మరి పోయినేడు గౌను? తమ్ముని రైలుబండి?"

ప్రభుదాస్ భార్య వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలడం ఉంది. భీమవ్వ మంచం మీద కూర్చొని కొడుకును చూస్తోంది. అడిగిన రోజున ఎవరూ చెప్పనివ్వని మాట ఇప్పుడు లీదియమ్మ నాలిక మీదికి వచ్చి కూర్చుంది. చెప్పాలి, అంతే.

"అవన్ని మీ బాపు తెచ్చినవే బిడ్డా," అంది లీదియమ్మ. "గిదొక్కటే నేను కుట్టిన."

ఏడేళ్ల కానుకల్లో ఆమె తన పేరున అలా రాయించుకున్నది చీమలు పట్టిన బొమ్మనొక్కదాన్నే.

అతిథులు వెళ్లాక ప్రభుదాస్ మఫ్లర్ విప్పి కుర్చీ మీద పడేశాడు. "ఇజ్జత్ తీసినవ్. జర మంచిగ కడిగి, మంచిగ ఎండబెట్టొచ్చు గద."

ఆ మాట నిజమే. అదే ఆమెను నిలువనీయలేదు. మూడోసారి కడిగి ఉంటే చీమలు పట్టేవి కావు. ఎండకు పెట్టి ఉంటే పొట్టు ముద్ద కట్టేది కాదు. కాని మూడోసారి చెంబు ముంచినప్పుడు తలుపు కొట్టింది ఈయనే. ఎండకు పెట్టనిది ఈయన కుర్చీ కోసమే. బొమ్మలో కుళ్లింది పిప్పి కాదు, చాటు. ఈ సంగతి ఆమెకు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. ఎవరి ముఖమో కాపాడడానికి తాను కూతురి మెడకు చీమలను కట్టింది. మిగతా సిగ్గులన్నీ దీని ముందు ఉత్త అలవాట్లే.

భీమవ్వ చీమలు పాకకుండా గడప వెంట బూడిద పోసి, బొమ్మను కాలి వేలితో పొయ్యి వైపు నెట్టింది. "కాల్చెయ్యి. శని వదులుతది."

లీదియమ్మ వంగి బొమ్మను తీసుకుంది. తీసుకున్నది కాల్చడానికే.

"వద్దు బాపమ్మా!" అని వెనకనుంచి కృపావతి పరుగెత్తుకొచ్చింది. మెడకు రాసిన కొబ్బరినూనె మెరుస్తోంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. బొమ్మ కాలొకటి పట్టుకొని లాగింది. "పొయ్యిల పెట్టొద్దు. గది మా అమ్మ కుట్టింది."

ప్రభుదాస్ వేలు పెట్టి చూపించి అన్న మాటే అది. పిల్ల నోట్లో వేరే మాటయింది.

మర్నాడు బడికి సెలవు. పొద్దెక్కాక లీదియమ్మ బక్కెటూ పిప్పి గంపా తీసుకొని ఇంటి ముందరి నల్లా దగ్గర కూర్చుంది. మొదటిసారి కడిగింది. రెండోసారి కడిగింది. మూడోసారి కడిగి దోసిట్లోకి నీళ్లు తీసుకొని చూస్తే తేటగా ఉన్నాయి. ఎందుకైనా మంచిదని ఇంకోసారి కడిగింది. తెల్లని దుప్పటి తెచ్చి, కాగితపు నక్షత్రం కింద, దారినపోయే ప్రతివాళ్లకూ కనబడేలా పరిచి, దాని మీద పిప్పిని పలుచగా ఆరబోసింది.

అరుగు మీద కుర్చీలో చాయ తాగుతున్న ప్రభుదాస్ కప్పు దించాడు. "ఎనుక పెరట్ల పెట్టరాదు? నలుగురు చూస్తరు."

"ఎనుక ఎండ రాదు," అంది ఆమె. సిగ్గు పోలేదు, చెవులు వేడెక్కి ఉన్నాయి, తల ఎత్తి ఆయన వైపు చూడడానికి ఇంకా ధైర్యం లేదు. అయినా చేతులు ఆగలేదు. "చూస్తె చూడనియ్యుండ్రి."

దారిన పోతున్న రేణుకమ్మ ఆగింది. నిన్నటి నవ్వు ఆమె పెదాల చివర ఇంకా ఉంది. "ఏంది లీదియమ్మా, వడియాలా?"

"కాదక్కా, పిప్పి. నా బిడ్డ బొమ్మల నింపనీకి," అంది లీదియమ్మ, అవసరమైనదానికంటే కొంచెం గట్టిగానే. "నిన్నటిది మంచిగ ఎండలేదు. మళ్ల కుడుతున్న."

రేణుకమ్మ నవ్వు ఆగిపోయింది. ఒక క్షణం చూసి, చెప్పులు విడిచి వచ్చి, ఒక మూలన ముద్దగా పడ్డ పిప్పిని వేళ్లతో విడదీసి వెళ్లింది.

కృపావతి ఖాళీ బొమ్మను చేతిలో వేలాడేసుకొని వచ్చి దుప్పటి అంచున గొంతుక్కూర్చుంది. పిప్పిలో వేలితో గీతలు గీస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"అమ్మా, పోయినేడు గౌను ఎవలిచ్చిండ్రు?"

వెనక అరుగు మీద కుర్చీ కిర్రుమంది. లీదియమ్మ చెయ్యి పిప్పి మీద ఆగింది. నిన్న ఇదే ప్రశ్నకు తాను చెప్పిన జవాబు ఇంకా నోట్లోనే చేదుగా ఉంది.

"నేను," అంది.

"తమ్ముని రైలుబండి?"

"గది గూడ నేనే."

పిల్ల తల తిప్పి అరుగు వైపు ఒకసారి చూసి, మళ్లీ తల్లి వైపు తిరిగింది. ఇప్పుడు అడగబోయేది అన్నిటికంటే పెద్ద ప్రశ్న అయినట్టు గొంతు తగ్గించింది. "మరి నా ఎర్ర రిబ్బను?"

లీదియమ్మ తల ఎత్తింది. కుర్చీ వైపు, అందులోని మనిషి వైపు, పొద్దటినుంచి మొదటిసారి సూటిగా చూసింది.

"గది మీ బాపు తెచ్చిండు బిడ్డా," అంది. "గది నిజంగనే మీ బాపు తెచ్చిండు."